ఏజెంటు కమీషన్: బేరమాడాల్సింది ఎక్కడ?

సంపాదకులకు,

ఇల్లు అమ్మకానికి పెట్టేవాళ్లు ఏజెంటుతో మొదటి రోజే తేల్చుకునేది ఒక్కటే సంగతి: కమీషన్ ఎంత శాతం అని. మూడంటే రెండున్నరకు, రెండంటే ఒకటిన్నరకు గీచి గీచి బేరమాడతారు. అర శాతం తగ్గగానే గెలిచామనుకుని మిగతా కాగితం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఆస్తుల పేజీల్లో వచ్చే సలహాలు కూడా చాలావరకు ఇక్కడితోనే ఆగిపోతున్నాయి. అమ్మకం ఒప్పందాలు రోజూ చూసే పని మాది. యజమాని గట్టిగా దెబ్బతినేది ఆ అర శాతం దగ్గర అరుదుగానే. కమీషన్ దేని మీద లెక్కకడతారు, అది ఏ రోజు ఇవ్వాల్సి వస్తుంది, ఎవరెవరు పంచుకుంటారు, ఎన్నాళ్లు కట్టుబడి ఉండాలి అన్న మాటలు కాగితంలో ఎలా ఉన్నాయన్నదే చేతికొచ్చే డబ్బును నిర్ణయిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. కమీషన్ పడేది అమ్మిన ధర మొత్తం మీద. యజమానికి మిగిలేది మాత్రం అప్పు తీరాక ఉన్నది. ధర కోటి, తీరాల్సిన అప్పు 70 లక్షలు అనుకుందాం. కమీషన్ 3 శాతమైతే 3 లక్షలు. కాగితం మీద అది మూడు శాతమే కానీ, యజమాని వాటా అయిన 30 లక్షల్లో అది పదో వంతు. ఏజెంటు ఫీజు మీద పన్ను ఉన్నచోట అది అదనం. కోట్ చేసిన శాతంలో పన్ను కలిసి ఉందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. బిల్లు చేతికొచ్చాక అడిగి లాభం లేదు.

అదే ఇల్లు కోటికి బదులు 95 లక్షలకు పోయిందనుకోండి. ఏజెంటుకు 3 లక్షలకు బదులు 2 లక్షల 85 వేలు వస్తాయి. ఆయనకు తగ్గింది 15 వేలు, అంటే తన రాబడిలో ఇరవయ్యో వంతు. యజమానికి 27 లక్షలు రావాల్సిన చోట 22 లక్షల 15 వేలు వస్తాయి. దాదాపు అయిదో వంతు పోయినట్టే. ఒకే ధర తగ్గింపు ఇద్దరికీ ఒకేలా తగలదు. కమీషన్ విషయంలో తెలుసుకోవాల్సినదంతా దాదాపు ఈ తేడాలోనే ఉంది.

ఏజెంటు వైపు నుంచి చూడండి. కమీషన్ 2 శాతమైతే, మరో నెలో రెండు నెలలో ఆగి అయిదు లక్షలు ఎక్కువ తెచ్చినందుకు ఆయనకు వచ్చేది పది వేలు. అందులో సగం ఆయన ఆఫీసుకు పోతే చేతికి మిగిలేది అయిదు వేలు. ఆ అయిదు వేల కోసం మళ్లీ ఫోన్లు, మళ్లీ ఇల్లు చూపించడాలు, మళ్లీ ప్రకటనలు. ఈలోగా మరో ఇల్లు అమ్మితే పూర్తి కమీషన్ వస్తుంది. అందుకే “వచ్చిన బేరం వదులుకోకండి సార్, మార్కెట్ బాగా లేదు” అన్న మాట తొందరగా వినిపిస్తుంది. అది అబద్ధమే అయ్యుండాలని లేదు. ఆయన లెక్కలో అది నిజమే, యజమాని లెక్కలో కాకపోవచ్చు. అమెరికాలో స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు షికాగో ప్రాంతంలోని సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం దీన్ని అంకెల్లో పట్టింది. ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు, అలాంటివే అయిన ఇతరుల ఇళ్ల కంటే 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారు. సొంత ఇంటిని మార్కెట్లో సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఉంచారు. అమ్మడం చేతకాక కాదు, తమ ఇల్లయితే ఆగడం వాళ్లకూ తెలుసు.

దీనికి ముందు జరిగే తంతు ఇంకొకటి ఉంది. ఇల్లు చేతిలోకి రావడం కోసం మొదట యజమాని చెవికి ఇంపైన ధర చెబుతారు. ముగ్గురు ఏజెంట్లను పిలిస్తే, అందరికన్నా ఎక్కువ ధర చెప్పినవాడికే ఇల్లు దక్కుతుంది. సంతకం అయ్యాక మూడు వారాలు ఎవరూ రారు. నాలుగో వారం నుంచి ధర తగ్గించమన్న ఒత్తిడి మొదలవుతుంది. ఇన్నాళ్లుగా అమ్ముడుపోని ఇల్లు అన్న ముద్ర పడ్డాక, మొదటి రోజే సరైన ధర పెట్టి ఉంటే వచ్చేదానికన్నా తక్కువకు దిగిరావాల్సి వస్తుంది. ఏజెంటు ధర చెప్పగానే అడగాల్సింది, దగ్గర్లో గత ఆరు నెలల్లో నిజంగా అమ్ముడైన అలాంటి ఇళ్ల ధరలు, అమ్మిన తేదీలు, వాటి విస్తీర్ణం. ప్రకటనల్లో అడుగుతున్న ధరలు కాదు. అడిగే ధర ఎంతైనా పెట్టుకోవచ్చు. ఆ వివరాలు ఇవ్వలేని ఏజెంటు ఒక శాతానికే చేస్తానన్నా ఖరీదే.

మరి ఏజెంటుకు ఆగే ఓపిక కలగాలంటే? శాతం తగ్గించడం వల్ల ఓపిక రాదు, ఉన్నది కూడా పోతుంది. కమీషన్‌ను మెట్లుగా కట్టడం మేలు. ఉదాహరణకు 90 లక్షల వరకు 1 శాతం, ఆ పైన వచ్చిన ప్రతి రూపాయి మీద 10 శాతం. ఇల్లు 95 లక్షలకు పోతే ఏజెంటుకు 90 వేలు, పైన 50 వేలు, కలిపి లక్షా 40 వేలు. కోటికి పోతే లక్షా 90 వేలు. మొత్తం మీద 2 శాతం కన్నా ఇది యజమానికి తక్కువే పడుతుంది. పైగా ఆఖరి అయిదు లక్షల మీద ఏజెంటుకు పది వేలకు బదులు 50 వేలు కనిపిస్తాయి. అప్పుడు ఆయనే “ఇంకో వారం చూద్దాం” అంటాడు.

ఇందులోనూ తిరకాసు ఉంది. మెట్టు ఎక్కడ పెట్టాలో ఏజెంటుకే వదిలేస్తే దాన్ని కిందికి లాగుతాడు. ఎలాగూ 95కి పోయే ఇంటికి 85 దగ్గర మెట్టు పెడితే కష్టపడకుండానే లక్ష చేతిలో పడుతుంది. కాబట్టి మెట్టును ఏజెంటు అంచనా మీద పెట్టకూడదు. అమ్మకంతో సంబంధం లేని మదింపుదారుకు ఫీజు ఇచ్చి విలువ కట్టించి, దానికి దగ్గరగా పెట్టాలి. రెండో తిరకాసు, మెట్టు మరీ పైన ఉంటే ఏజెంటు దాన్ని అందుకునే ఆశ వదిలేసి, కింది ఒక శాతం కోసం పని ముగించేస్తాడు. నిజంగా అందే దూరంలో ఉన్న మెట్టే పని చేస్తుంది.

దీనికి దగ్గరగా కనిపించి పూర్తిగా వేరైనది ఒకటుంది: “మీకు ఇంత ఇచ్చేస్తా, పైన ఎంతొస్తే అంత నాది.” వినడానికి హాయిగానే ఉంటుంది, శాతాల గోల లేదు. కానీ ఇల్లు ఎంతకు పోతుందో ఏజెంటుకు తెలిసినంత యజమానికి తెలియదు. కొనేవాడు ఇస్తానన్న అసలు ధర యజమాని చెవిన పడకుండా చూసుకోవడమే ఏజెంటుకు లాభం. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ పద్ధతిని నిషేధించాయి. నిషేధం లేనిచోట కూడా దీనికి ఒప్పుకోవద్దన్నది మా సలహా.

ఇక పంపకం సంగతి. చాలాచోట్ల అమ్మేవారి ఏజెంటు వేరు, కొనేవారి ఏజెంటు వేరు. యజమాని ఇచ్చే మొత్తంలోంచే ఇద్దరూ తీసుకునే ఏర్పాటు అయితే, మీరు తగ్గించిన ఒక శాతం ఎవరి వాటాలోంచి పోయిందో తెలుసుకోవాలి. మీ ఏజెంటు తనది తాను ఉంచుకుని అవతలివాడి వాటా కోస్తే, అవతలి ఏజెంటు తన దగ్గరున్న కొనుగోలుదారుకు మీ ఇల్లు చూపించకుండా పక్కింటికి తీసుకెళ్లవచ్చు. ఇది ఊహ కాదు. అమెరికాలోని తూర్పు మసాచుసెట్స్‌లో 1998 నుంచి 2011 వరకు ఆరున్నర లక్షలకు పైగా ఇళ్ల వివరాలు చూసిన ఒక అధ్యయనంలో, తక్కువ కమీషన్ చూపిన ఇళ్లు అమ్ముడయ్యే అవకాశం 5 శాతం తక్కువని, అమ్ముడవడానికి పట్టే కాలం 12 శాతం ఎక్కువని తేలింది. కమీషన్ తగ్గించమని అడిగేటప్పుడు “మీ వాటాలో తగ్గించండి, కొనేవారి ఏజెంటుది కదపకండి” అని విడదీసి రాయించుకోవాలి.

ఈ పంపకం మీదే అమెరికాలో పెద్ద దావా నడిచింది. అక్కడి జాతీయ రియల్టర్ల (ఇళ్ల ఏజెంట్ల) సంఘం, కొన్ని పెద్ద ఏజెంటు కంపెనీలు కమీషన్లు తగ్గకుండా కుమ్మక్కయ్యాయని 2023 అక్టోబర్ 31న మిస్సోరీలోని కాన్సస్ సిటీలో జ్యూరీ దాదాపు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారం తేల్చింది. ఆ తర్వాత 2024 మార్చిలో ఆ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఆ రాజీ నిబంధనలు 2024 ఆగస్టు 17 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏజెంట్లు పంచుకునే ఇళ్ల జాబితాలో కొనేవారి ఏజెంటుకు ఎంత ఇస్తారన్నది ఇక చూపకూడదు. ఇల్లు చూపించేముందే కొనేవారు తమ ఏజెంటుతో ఫీజు ఎంతో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. జర్మనీ మరో దారి పట్టింది. అక్కడ 2020 డిసెంబర్ 23 నుంచి, అమ్మేవారు ఏజెంటును పెట్టుకుని ఖర్చులో కొంత కొనేవారి మీద వేయాలనుకుంటే, కొనేవారి వంతు అమ్మేవారి వంతును మించకూడదు. అమ్మేవారు తమ వంతు కట్టామని చూపించాకే కొనేవారు కట్టాలి.

ఏ దేశపు రూలు ఎలా ఉన్నా అమ్మేవారికి పనికొచ్చే సూత్రం ఒకటే. వచ్చిన ఆఫర్లను పై అంకెతో పోల్చకూడదు. ఒకరు కోటి ఇస్తామని, తమ ఏజెంటు ఫీజు 2.5 శాతం మీరే కట్టాలని అన్నారనుకుందాం. ఇంకొకరు 98.5 లక్షలు ఇస్తూ అలాంటి షరతు ఏదీ పెట్టలేదు. మొదటిదాంట్లో మీ ఏజెంటు ఫీజుకు ముందు మిగిలేది 97.5 లక్షలు, రెండోదాంట్లో 98.5. కోటి అన్న మాట చెవికి బాగుంటుంది, అంతే. ప్రతి ఆఫర్‌కూ ఒక కాగితం మీద ధర, కమీషన్లు, అడిగిన మరమ్మతులు, డబ్బు చేతికొచ్చే తేదీ రాసుకుని, కింద మిగిలే అంకెను మాత్రమే పోల్చాలి.

అసలు చిక్కుముడులు ఒప్పందంలో ఉంటాయి. ఏజెంటుకు ఇచ్చే హక్కు మూడు రకాలు. మొదటిది పూర్తి హక్కు: గడువులోగా ఇల్లు ఎవరు అమ్మినా, చివరికి యజమాని తన బావమరిదికే అమ్ముకున్నా, కమీషన్ ఇవ్వాల్సిందే. రెండోది ఏకైక ఏజెంటు హక్కు: వేరే ఏజెంటును పెట్టకూడదు కానీ యజమాని తనంతట తాను కొనేవారిని తెచ్చుకుంటే కమీషన్ లేదు. మూడోది ఎవరు తెస్తే వారికే. మొదటి రెండూ పేరులో ఇంచుమించు ఒకటే అనిపిస్తాయి, డబ్బు దగ్గరే తేడా బయటపడుతుంది. ఈ గందరగోళం వల్లే బ్రిటన్‌లో 1991 నాటి నిబంధనలు ఈ రెంటి అర్థాన్నీ నిర్దేశిత మాటల్లో ఖాతాదారుకు వివరించి తీరాలని ఏజెంట్లకు చెప్పాయి. పూర్తి హక్కు ఇవ్వక తప్పకపోతే, ఇప్పటికే ఆసక్తి చూపిన బంధువులు, పొరుగువారు, అద్దెకున్నవారి పేర్లు రాసి “వీరు కొంటే కమీషన్ వర్తించదు” అని చేర్చాలి. సంతకానికి ముందు అయితే ఏ ఏజెంటూ దీనికి పెద్దగా అభ్యంతరం చెప్పడు.

అందరికీ ఇచ్చేస్తే పోటీ పెరుగుతుందనుకుంటారు కానీ, ఎవరు తెస్తే వారికే అన్నచోట ఎవరూ డబ్బు ఖర్చుపెట్టి ఫొటోలు తీయించరు. ఆరుగురు ఆరు ధరలతో ప్రకటన వేస్తారు, చూసేవాళ్లు అన్నిట్లోకీ తక్కువ ధరను పట్టుకుంటారు. తర్వాత ఇద్దరు ఏజెంట్లు “ఆ పార్టీని నేనే తెచ్చాను” అని వస్తారు. దీనికి మందు ఇంటి దగ్గర ఉంచే ఒక నోటు పుస్తకం. తేదీ, సమయం, చూడటానికి వచ్చినవారి పేరు, తీసుకొచ్చిన ఏజెంటు పేరు, అతని సంతకం. భార్య ఒక ఏజెంటుతో, భర్త పది రోజుల తర్వాత ఇంకో ఏజెంటుతో వచ్చిన ఇల్లు ఒక్కటే అయితే, కమీషన్ తగాదాను తేల్చేది ఆ పుస్తకంలో ముందున్న వరుస. ఆ పుస్తకం లేనిచోట యజమాని రెండుసార్లు కట్టుకున్న సందర్భాలు ఉన్నాయి.

గడువు 90 రోజులు మించనివ్వకండి. “రద్దు చేయకపోతే దానంతట అదే కొనసాగుతుంది” అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి. గడువు అయ్యాక కూడా ఏజెంటు చూపించిన వ్యక్తే కొంటే కమీషన్ ఇవ్వాలన్న షరతు న్యాయమైనదే. ఏజెంటును తప్పించి చాటుగా బేరం కుదుర్చుకునే యజమానులూ తక్కువేం కాదు. కానీ ఆ షరతుకు హద్దులు ఉండాలి. గడువు ముగిసిన వారం లోపు ఏజెంటు తాను ఇల్లు చూపించినవారి పేర్ల జాబితా ఇవ్వాలి, ఆ పేర్లకు మాత్రమే, రెండు మూడు నెలల వరకే షరతు వర్తించాలి, ఈలోగా యజమాని ఇంకో ఏజెంటుతో పూర్తి హక్కు ఒప్పందం చేసుకుంటే పాత షరతు రద్దు కావాలి. ఈ చివరి మాట లేకపోతే ఒకే అమ్మకానికి ఇద్దరికి పూర్తి కమీషన్ పడే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ఖరీదైన వాక్యం కమీషన్ ఎప్పుడు ఇవ్వాలన్నది. “కొనడానికి సిద్ధంగా, సమ్మతంగా, స్తోమతతో ఉన్న వ్యక్తిని తెచ్చిన వెంటనే” అని ఉంటే, అమ్మకం జరగకపోయినా, మీరు మనసు మార్చుకున్నా కమీషన్ బాకీ పడినట్టే. “అడ్వాన్సు అందిన రోజు” అని ఉంటే, ఆ తర్వాత కొనేవారికి బ్యాంకు అప్పు రాక బేరం విరిగితే, ఇల్లు మీ దగ్గరే ఉంటుంది, కమీషన్ మాత్రం పోతుంది. రాయించాల్సింది: యాజమాన్యం బదిలీ అయి పూర్తి సొమ్ము అమ్మేవారికి చేరిన రోజు. కొనేవారి తప్పు వల్ల బేరం విరిగి అడ్వాన్సు మీకే మిగిలితే అందులో ఏజెంటుకు వాటా ఉందా, ఉంటే ఎంత అన్నది కూడా అప్పుడే రాసుకోవాలి. దీని మీద నోటిమాట నమ్ముకుంటే తర్వాత ఇద్దరికీ ఇబ్బందే.

ఒకే ఏజెంటు ఇద్దరి పక్షానా ఉన్నప్పుడు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. మీరు ఎంతవరకు దిగుతారో, కొనేవారు ఎంతవరకు ఎక్కుతారో ఆయన ఒక్కడికే తెలుసు. కొన్నిచోట్ల చట్టమే దీన్ని ఒప్పుకోదు. ఒప్పుకునేచోట, అలా జరిగితే మీ కమీషన్ ఇంత తగ్గుతుందని ముందే అంకె రాయించండి, వచ్చిన ప్రతి ఆఫరూ ఒక రోజులోగా రాతలో మీకు చేరాలని కూడా. మీ ఆఖరి ధర మాత్రం ఆయనకు చెప్పకండి.

ఏజెంటు లేకుండా అమ్ముకుంటే కమీషన్ మొత్తం మిగిలిపోతుందా అని అడుగుతుంటారు. అమెరికాలోని మాడిసన్ నగరంలో సొంతంగా అమ్ముకున్నవారిని, ఏజెంటు ద్వారా అమ్మినవారిని పోల్చిన అధ్యయనం 2009లో వచ్చింది. ఇళ్ల తేడాలు, అమ్మేవారి తేడాలు లెక్కలోకి తీసుకున్నాక ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదని, కాకపోతే సొంత అమ్మకానికి ఎక్కువ కాలం పడుతుందని, అసలు అమ్ముడుపోకపోయే అవకాశం కూడా ఎక్కువని అందులో తేలింది. ఒకేలాంటి ఫ్లాట్లు చాలా ఉండి ధర అందరికీ తెలిసినచోట, యజమాని దగ్గర్లోనే ఉండి ఫోన్ ఎత్తే ఓపిక ఉన్నవారికి ఇది పనికొస్తుంది. ఇంటి ఆకారం వింతగా ఉన్నా, వారసుల సంతకాలు నలుగురివి కావాల్సి వచ్చినా, యజమాని వేరే దేశంలో ఉన్నా ఏజెంటు తన ఫీజుకు మించి పని చేస్తాడు.

శాతం తగ్గించమని అడగడానికి కూడా సమయం ఉంది. మొదటి రోజు వట్టి చేతులతో అడిగితే ఏజెంటు తగ్గించేది తన ఫీజు కాదు, ప్రకటనల ఖర్చు. యాజమాన్య పత్రాలు, పన్ను రసీదులు, అప్పు బాకీ తాలూకు తాజా బ్యాంకు లెటరు, ప్లాన్ ఆమోదం సిద్ధంగా పెట్టుకుని, ధర సబబుగా ఉంచి అడిగితే ఆయన పని నిజంగానే తగ్గుతుంది, తగ్గించడానికి కారణం దొరుకుతుంది. రెండో సమయం బేరం చివర్లో. కొనేవారు, మీరు ఒక చిన్న మొత్తం దగ్గర బిగుసుకుపోయినప్పుడు, బేరం మొత్తం పోవడం కన్నా తన ఫీజులో కొంత వదులుకోవడం ఏజెంటుకు లాభం. ఆ మాట మీరు అడిగితేనే వస్తుంది. అయితే ప్రతి చిన్న తేడాకూ ఆయన జేబు మీదికే పోతే, తర్వాతి అడ్డంకికి మీ పక్షాన నిలబడడు.

చివరి రోజు పని చిన్నదే అయినా చాలామంది వదిలేస్తారు. సొమ్ము ఖాతాలో పడ్డాకే కమీషన్ ఇవ్వండి, నగదుగా కాక బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఇంటి చిరునామా, అమ్మిన ధర, శాతం, పన్ను విడివిడిగా చూపే బిల్లు, ముట్టినట్టు రసీదు తీసుకోండి. చాలా దేశాల్లో ఇల్లు అమ్మగా వచ్చిన లాభం మీద పన్ను లెక్కకట్టేటప్పుడు ఏజెంటు కమీషన్‌ను అమ్మకపు ఖర్చుగా తీసివేయనిస్తారు. రసీదు లేకపోతే ఆ మినహాయింపు అడగడానికి ఆధారం ఉండదు.

ఇట్లు,
ఆస్తి అమ్మకం ఒప్పందాల ముసాయిదాలు రాసే పనిలో ఉన్న పాఠకులు